ఐలయ్య ఆముదం రాసిన మూడు నెలలు

ఏడేళ్లలో ఐలయ్య కుర్చీలో కూర్చోగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. మా ల్యాబ్‌లో ఆయనకంటూ ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని మీద ఖాళీ అట్టపెట్టెలు కూర్చుంటాయి. ఆయన మాత్రం సింకు దగ్గర నుంచి గాజుసామాను ఆవిరి పట్టే మిషను దగ్గరికి, అక్కడి నుంచి ఐసు డబ్బా దగ్గరికి, మళ్లీ సింకు దగ్గరికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు. టీ కూడా నడుస్తూనే తాగుతాడు. నాకు అసలే ముక్కు మీద కోపం. "ఒక్క నిమిషం నిలబడండి ఐలయ్య గారూ, నా తల తిరుగుతోంది" అని కసిరేదాన్ని. "నిలవడితె కాళ్లు గుంజుతయి వర్షిత మేడం" అని నవ్వి, చెబుతూనే నాలుగడుగులు వేసేవాడు.

ల్యాబ్ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. మాదాపూర్‌లో ఒక ఐటీ భవనం, అందులో ఐదో అంతస్తులో సగం మాది. మిగతా సగం సాఫ్ట్‌వేర్ వాళ్లది. లిఫ్టులో మా తెల్లకోట్లు చూసి వాళ్లు కాస్త పక్కకు జరుగుతారు. మేము పెంచేవి రొమ్ము క్యాన్సర్ కణాలని తెలిస్తే లిఫ్టు మానేసి మెట్లెక్కుతారేమో. ఆ కణాలు గాజు దాటి రావని, వస్తే తమను ఏమీ చేయలేవని వాళ్లకి ఎవరు చెబుతారు? ఐలయ్య మాత్రం చేరిన వారానికే వాటితో చుట్టరికం కలుపుకున్నాడు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి, సీసాలో ద్రవం రంగు చూసి "వీటికి ఆకలైతున్నది, జర చూడున్రి" అని నాకంటే ముందే చెప్పేవాడు. నూటికి ఎనభై పాళ్లు ఆయన మాటే నిజమయ్యేది.

ఆయన నానక్‌రామ్‌గూడ మనిషి. ఎక్కడి నుంచో వచ్చినవాడు కాదు, అక్కడే పుట్టి అక్కడే యాభై అయిదేళ్లు దాటినవాడు. వాళ్ల నాన్న కౌలుకు చేసిన మడి మీద ఇప్పుడు అద్దాల భవనం ఉంది. అది కట్టేటప్పుడు ఇటుకలు మోశాడు, కట్టాక దాని గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. పన్నెండు గంటలు ఒకచోట నిలబడటం ఆయన వల్ల కాలేదు. గేటు వదిలేసి భవనం చుట్టూ చక్కర్లు కొడుతున్నాడని తీసేశారు. "నాట్లేసినోని కాళ్లు మేడం, ఒక్క కాడ పాతితె మొలుస్తయా?" అని తన ఉద్యోగం పోయిన సంగతిని జోకులా చెప్పేవాడు.

ఇంట్లో భార్య మల్లమ్మ. ఒక్కతే కూతురు ప్రవళిక, పెళ్లయి సంగారెడ్డిలో ఉంది. మల్లమ్మను నేను ఒక్కసారే చూశాను, ఒక దసరాకి స్వీటు డబ్బా పట్టుకుని మా రిసెప్షన్ దాకా వచ్చింది. ఆ మనిషి ప్రాణం మీదికి నా నోటి మాట వస్తుందని అప్పుడు ఎవరైనా చెబితే వాళ్లతో దెబ్బలాడి ఉండేదాన్ని.

ఏం జరిగిందో చెప్పాలంటే ముందు నా పని చెప్పాలి. మన ఒంట్లో కణాలు ఊరికే గుట్టగా పోసి ఉండవు. వాటి చుట్టూ పీచు, జిగురు కలిసిన ఒక అల్లిక ఉంటుంది. దాన్ని మేము మాట్రిక్స్ అంటాం. కణం తన పైపొరలోంచి చేతుల్లాంటివి చాచి ఆ పీచును పట్టుకుంటుంది. ఆ చేతులు రిసెప్టర్లు. అవి ఊరికే పట్టుకోవు, లాగి చూస్తాయి. పీచు మెత్తగా సాగితే ఒక కబురు, సాగకుండా బిర్రుగా ఉంటే ఇంకో కబురు కణం లోపలికి పోతుంది. బిర్రుగా ఉన్నచోట క్యాన్సర్ కణానికి అందే కబురు మంచిది కాదు. పెరుగు, రెండు కా, ఇక్కడి నుంచి కదులు అన్నట్టుంటుంది. పైగా గడ్డ తన చుట్టుపక్కల ఉన్న మామూలు కణాల్ని కూడా పనిలో పెట్టి ఇంకా ఇంకా పీచు నేయిస్తుంది. నేసిన కొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడిన కొద్దీ కణాలు రెచ్చిపోతాయి.

దీన్ని చూడటానికి నేను గుండ్రటి చిన్న గాజుబిళ్లల మీద రెండు రకాల జెల్లు పోస్తాను. ఒకటి మంచి రొమ్ము కండ అంత మెత్తన, ఇంకొకటి గడ్డ అంత గట్టి. రెండింటి మీదా ఒకే రకం క్యాన్సర్ కణాలు వదిలి, అవి ఏం చేస్తున్నాయో రాసుకుంటాను. ఆ గాజుబిళ్లలు కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ విడదీసి గిన్నెల్లో పేర్చేది ఐలయ్యే.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆయన నా వెనక నిలబడి సూక్ష్మదర్శిని తెర చూస్తున్నాడు. నిలబడి అంటే నిలబడి కాదు, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మారుస్తూ.

"గీ పక్కయి గుండ్రగ ముడుసుకొని పన్నయి. గా పక్కయేమో కాళ్లు సాపినయి. రెండు ఒక్క తీరు కణాలేనా మేడం?"

"ఒక్కటేనండి. ఒకే సీసాలోంచి తీసినవి. వాటి కింద నేల మారిందంతే."

ఆయన తెర మీదికి వంగాడు. "బురద మడిల ఉరుకరాదు. గట్టు ఎక్కితె ఉరుకచ్చు. గంతేనా?"

"అంతే!" అని నేను బల్ల చరిచాను. నాలుగు పేజీల్లో నేను చెప్పలేక చస్తున్న సంగతి ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆ ఉత్సాహంలో నోరు ఆగలేదు. పీచు సంగతి, చేతుల సంగతి, కబుర్ల సంగతి అన్నీ వాగాను.

"అందుకేనా గడ్డ చేతికి గట్టిగ తగిలేది?"

"చాలాసార్లు అందుకేనండి."

రెండు చక్కర్లు కొట్టి మళ్లీ వచ్చాడు. "మరి గట్టిదాన్ని మెత్తగ చేస్తె?"

"మెత్తబడితే చాలావరకు ముడుచుకుని ఊరుకుంటాయి. మేం చూస్తున్నది అదే."

ఇంకో చక్కర్. "సూది గుచ్చిన కాడ గట్టిగయితది గద మేడం?"

"గాయం మానితే మచ్చ గట్టిపడుతుందండి" అన్నాను, పిపెట్ నింపుకుంటూ, తల తిప్పకుండానే. ఎందుకు అడుగుతున్నారు అని నేను అడగలేదు. నన్ను ఇప్పటికీ తొలిచేస్తున్నది ఆ అడగకపోవడమే.

అప్పటికి పది రోజుల కిందట మల్లమ్మ స్నానం చేస్తూ ఎడమ రొమ్ములో గడ్డ చూసుకుంది. భర్తకి చెప్పింది. వీధి చివరి క్లినిక్‌లో డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసి, వెంటనే పెద్ద దవాఖానకు పొమ్మని, సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తారని చెప్పింది. గాజు మీద బతికే కణాల గురించి నేను చెప్పిన మాటల్ని ఐలయ్య ఇంటికి మోసుకుపోయి, ఒకదానికొకటి ముడిపెట్టాడు. గట్టిది ప్రమాదం, మెత్తనిది క్షేమం. సూది గుచ్చితే మచ్చ, మచ్చ అంటే గట్టిదనం. అంటే సూది వద్దు, మెత్తబరచాలి. మెత్తబరచడానికి వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్నది ఒక్కటే, ఆముదం. గోరువెచ్చగా కాచి, గడ్డ మీద గంటసేపు మర్దన చేసి, ఆముదపాకు వేడిచేసి కట్టడం. పశువుల పొదుగు గట్టిపడితే ఆయన చిన్నప్పుడు చేసిన వైద్యం అది. ఇదంతా నాకు సెప్టెంబరులో తెలిసింది.

ఈలోపు నా బతుకు నా గొడవలో ఉంది. ఆగస్టు మొదటి వారం నుంచి నా జెల్లులు గాజు మీద నిలవడం మానేశాయి. పోసిన మర్నాటికి పొరలు పొరలుగా లేచి, కణాలతో సహా తేలిపోయేవి. నీళ్లు మార్చాను. జెల్లులో కలిపే కొలాజెన్ సీసా మార్చాను. కొత్త సీసా కూడా అంతే చేస్తే అమ్మినవాడికి ఫోను చేసి అరిచాను. వాడు పాపం రెండో సీసా ఉచితంగా పంపాడు, అదీ లేచిపోయింది. ప్రతి సోమవారం మా పై అధికారి నరేందర్ గారు అద్దాల గదిలోంచి వేలితో పిలిచి, "ఏమైంది?" అని ఒక్క ముక్క అడిగేవారు. ఇంకో సీసా తెప్పిస్తున్నానని చెప్పి వచ్చేదాన్ని. నిజాంపేటలో మా గదికి పోయినా అదే రొద. అన్నంలో కూర కలుపుకుంటూ జెల్లు ఎందుకు ఊడుతోందా అని ఆలోచించేదాన్ని. నాతో ఉండే అమ్మాయిలు నాతో మాట్లాడటం తగ్గించారు, వాళ్ల తప్పేమీ లేదు.

ఐలయ్య కూడా మారాడు, కానీ నా కళ్లకి నా జెల్లు తప్ప ఏదీ ఆనలేదు. నడక ఇంకా పెరిగింది. ఇదివరకు నవ్వుతూ తిరిగేవాడు, ఇప్పుడు పెదాలు బిగించి తిరుగుతున్నాడు. ఒకటి రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, "చేతులు కట్టేసే మందున్నది గద మేడం, గది బయట దొరుకుతదా?" అని అడిగాడు. రిసెప్టర్లను మూసే ఒక మందు మేము గాజు మీద వాడతాం. గట్టి జెల్లు మీద ఉన్నా ఆ మందు పడితే కణాలు పట్టు వదిలి ముడుచుకుంటాయి. "అది మనుషులకి కాదండి, ఇంకా పరీక్షల్లోనే ఉంది" అని తోలేశాను.

సెప్టెంబరు రెండో వారంలో ఒకరోజు నిద్ర పట్టక తెల్లారగానే బయల్దేరి, మెట్రో దిగి, ఎనిమిదికల్లా ల్యాబ్‌లో ఉన్నాను. ఐలయ్య అప్పుడే వచ్చి గాజుబిళ్లలు విడదీస్తున్నాడు. ఉత్త చేతులతో.

"గ్లౌజులేవి?"

"వాటితోని విడిపడయి మేడం. ఒకదానికొకటి అతుక్కుంటయి. ఏడేండ్ల సంది చేత్తోనే తీస్తున్న, ఎన్నడన్న తేడా వచ్చిందా?"

ఒక బిళ్ల లాక్కుని కిటికీ వైపు ఎత్తి చూశాను. అంచున బొటనవేలి ముద్ర, ఇంద్రధనుస్సు రంగుల్లో. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన. నూనె అంటిన గాజుకి జెల్లు పట్టదు, ఎలా పడుతుంది? ఒంటికాలి మీద లేచాను. నెలన్నర నుంచి నా ప్రాణం తోడేశారని, నరేందర్ గారి ముందు నన్ను దోషిని చేశారని, తలకి నూనె రాసుకుని చేతులు కడుక్కోవడం కూడా తెలియదా అని, ఇంకా రాయకూడని మాటలు కొన్ని అన్నాను. పక్క సాఫ్ట్‌వేర్ వాళ్ల కాపలాదారు తలుపు దాకా వచ్చి చూసి పోయాడు.

ఐలయ్య కదలకుండా నిలబడ్డాడు. ఆయన నిలబడ్డాడని గమనించాకే నా నోరు మూతపడింది.

"తలకు కాదు మేడం" అన్నాడు. "మా ఇంటామెకు గడ్డ అయ్యింది. గాడ, ఛాతి మీద. రాస్తున్న. ముందు రోజుకొక్క పారే రాసేది. మెత్తగైతలేదని పోయిన నెల సంది పొద్దున గూడ రాస్తున్న. సబ్బు పెట్టి కడుగుతున్న, గని పోతలేదు. మాఫ్ చేయున్రి."

చేతిలోని బిళ్ల బల్ల మీద పెట్టాను. "ఎన్నాళ్ల నుంచి?"

"జూన్ల సంది."

"దవాఖానకి?"

"సూది గుచ్చుతరట. గుచ్చితె గట్టిగయితది, గట్టిగైతె నడుస్తదని మీరే అన్నరు గద" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. పాఠం సరిగ్గా అప్పజెప్పిన పిల్లవాడి గొంతు అది. నా పాఠమే.

ఆ రోజు నేను ల్యాబ్ కోటు విప్పి బల్ల మీద పడేసి ఆయనతో బయల్దేరాను. నరేందర్ గారికి మెసేజ్ కూడా పెట్టలేదు. రెండు షేర్ ఆటోలు మారాం. దారంతా ఐలయ్య ఆటో కమ్మీ పట్టుకుని మోకాళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. కూతురికి చెప్పారా అంటే, "ఏడో నెల కడుపుతోని ఉన్నది. ఫికర్ పెట్టుడెందుకు" అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. వీధి క్లినిక్ డాక్టరమ్మ ఎదురైతే సందు మార్చి నడిచేవాడట.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో వాళ్లది రెండు గదుల ఇల్లు. మల్లమ్మ గడప మీద కూర్చుని గోకరకాయ తుంచుతోంది. నన్ను చూసి గుర్తుపట్టి లేవబోయింది. ఎడమ చెయ్యి నేలకి ఆనించకుండా, కుడిచేతి మీదే బరువు వేసి లేచింది. అది చూడగానే నాకు సగం అర్థమైంది.

లోపలి గదిలో జాకెట్ విప్పి చూపించింది. చర్మం మెత్తగా, నిగనిగలాడుతూ ఉంది. కొంతమేర వేడి ఆకు తగిలి కమిలిపోయింది. దాని కింద గడ్డ, నిమ్మకాయంత, రాయిలా. వేళ్లతో పక్కకి జరపబోతే జరగలేదు. చంకలో ఇంకో చిన్నది తగిలింది. నేను డాక్టర్ని కాదు, గాజు మీద కణాలు చూసే మనిషిని. అయినా నా వేళ్లకి ఎంత భయం వేసిందో చెప్పలేను.

"నొప్పి లేదు బిడ్డా" అంది మల్లమ్మ. "బోనం ఎత్తుకున్న నాడు జర గుంజింది, గంతె."

"ఆముదం వల్ల ఏమైనా తగ్గిందా అమ్మా?"

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "తగ్గలే. తగ్గదని నాకు మొదటి వారమే ఎర్కైంది. గని గాయన కూసున్నడు. పెండ్లై ముప్పై రెండేండ్లాయె, ఎన్నడు నా పక్కన పావుగంట కూసోలే. ఇప్పుడు పొద్దుగాల గంట, మాపటికి గంట. గడ్డను చూసుకుంట, నా ముఖం చూసుకుంట. బంద్ చెయ్యమనబుద్ది గాలే."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. బయటికి వచ్చి ఐలయ్యతో అన్నాను, ఇప్పుడే దవాఖానకి పోదాం అని.

ఆయన ఒప్పుకోలేదు. వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ నా మాటలు నాకే అప్పజెప్పాడు. గట్టి నేల మీద కాళ్లు సాపుతయి అన్నరు. మచ్చ గట్టిపడుతది అన్నరు. అన్నీ నిజాలే. నేను చెప్పనివి చెప్పడం మొదలుపెట్టాను. సూదితో ముక్క తీస్తే జబ్బు పాకుతుందనేది ఉత్త భయమని, ఆ భయంతో ఇళ్లలో కూర్చున్నవాళ్లకి జరిగే నష్టంలో వందో వంతు కూడా సూది చేయదని చెప్పాను. ఏ జబ్బో తెలియకుండా మందు ఉండదన్నాను. నేను గాజు మీద జెల్లును నా ఇష్టమొచ్చినంత మెత్తగా కలుపుకోగలను, మనిషి ఒంట్లో అలా కలపలేనన్నాను.

"గని పైన మెత్తగైంది మేడం. మీరు గూడ చూసిన్రు."

అప్పుడు నాకు తట్టింది. "పొద్దున బిళ్లకి మీ నూనె అంటింది కదా. గాజు మెత్తబడిందా?"

ఆయన నడక ఆగింది.

"నూనె పైన ఉండిపోయింది. గాజు గాజులాగే ఉంది. ఆ పీచు లోపల కణాలే నేసుకున్నది ఐలయ్య గారూ. మీ చెయ్యి అంత లోపలికి పోదు. ఆముదం అసలే పోదు."

ఏడేళ్లుగా గాజు కడిగిన మనిషి. నా చదువంతా చెప్పలేనిది ఆయనకి ఆ మాట చెప్పింది. అరచేతులు పైకి తిప్పి ఒకసారి చూసుకున్నాడు. తర్వాత లోపలికి పోయి, "మల్లమ్మా, చీర మార్చుకో" అన్నాడు.

ఆ సాయంత్రమే పేరు రాయించాం. రెండు రోజులకి సూది పరీక్ష. సూది గుచ్చుతున్నప్పుడు మల్లమ్మ కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంది, ఐలయ్య వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. నేనూ ఆయన వెనకే తిరిగాను. రిపోర్టుకి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నేను గ్లౌజులు వేసుకుని గాజుబిళ్లలు నేనే విడదీసుకున్నాను. నిజమే, గ్లౌజులతో అవి ఓ పట్టాన విడిపడవు. జెల్లులు మాత్రం చక్కగా నిలిచాయి. గట్టి జెల్లు మీద కణాలు ఎప్పటిలాగే కాళ్లు చాచాయి. వాటిని చూస్తుంటే ఇదివరకటిలా సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది.

పదకొండో రోజు ముగ్గురం డాక్టర్ గదిలో ఉన్నాం. మల్లమ్మ, నేను కుర్చీల్లో, ఐలయ్య వెనక. డాక్టర్ రిపోర్టు రెండుసార్లు చదివాడు. క్యాన్సరే. చంకలోని లింఫు గ్రంథులకి కూడా చేరింది. ముందు మందు ఎక్కించి గడ్డను తగ్గించాలి, తర్వాత ఆపరేషన్, తర్వాత కరెంటు, అంటే రేడియేషన్. ఇంకా దూరం పోలేదనిపిస్తోంది, స్కాన్ చేస్తే తెలుస్తుంది అన్నాడు. అంతా మల్లమ్మ ముఖం చూస్తూ, నెమ్మదిగానే చెప్పాడు. తర్వాత కమిలిన చర్మం సంగతి అడిగాడు.

"ఆముదం రాసి, ఆకు కట్టిన సార్" అన్నాడు ఐలయ్య.

"ఎన్ని రోజులు?"

"మూడు నెలలు."

డాక్టర్ పెన్ను బల్ల మీద పెట్టాడు. "మూడు నెలలా! ఎవరు చెప్పారయ్యా నీకు?"

"ఎవరు చెప్పలే సార్. నాకే తోచింది."

"నీకు తోచడానికి నువ్వేం చదువుకున్నావు? ఇట్ల సొంత తెలివితోని మనుషులను చంపుకుంటారు మీరు." నా వైపు తిరిగి గొంతు మార్చాడు. "ఈ మేడం తీసుకొచ్చింది కాబట్టి సరిపోయింది. చదువుకున్నవాళ్లు పక్కన ఉంటే ఇదే లాభం."

నేను తల తిప్పి ఐలయ్యను చూశాను. ఆయన నాకు మాత్రమే కనిపించేలా తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దన్నట్టు. మూడు నెలలుగా ఆయన నా పేరు ఎవరి ముందూ ఎత్తలేదని, ఇప్పుడూ ఎత్తడని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నాను, హాయిగా అనిపించింది. తర్వాత ఆ హాయి మీద అసహ్యం వేసింది.

"చెప్పింది నేనే సార్" అన్నాను. "ఆముదం అని చెప్పలేదు. గట్టిదాన్ని మెత్తబరిస్తే జబ్బు ఊరుకుంటుందని చెప్పాను. సూది మచ్చ గట్టిపడుతుందని చెప్పాను. నా ల్యాబ్‌లో పనిచేస్తారు ఆయన. ఎందుకు అడుగుతున్నారో కనుక్కోకుండా చెప్పాను."

డాక్టర్ పెన్ను తీసుకుని స్కాన్ కాగితం రాసిచ్చాడు.

"మూడు నెల్ల కింద వస్తె చంకలకు పాకకపోతుండెనా సార్?" అని అడిగాడు ఐలయ్య.

"అది ఎవరూ చెప్పలేరు" అన్నాడు డాక్టర్. "రావాల్సింది మాత్రం అప్పుడే."

వరండాలోకి వచ్చాక ఐలయ్య నా మీద విరుచుకుపడ్డాడు. ఏడేళ్లలో నేను ఆయన్ని ఎన్నోసార్లు కసిరాను, ఆయన నన్ను కసరడం అదే మొదలు. "ఎందుకు చెప్పిన్రు మేడం? మాట నేను పడ్డ గద! మీ నౌకరికి ఏమన్న అయితె? చదువుకున్నోళ్ల మాట పోతె మళ్ల వస్తదా?"

మల్లమ్మ బెంచీ మీద కూర్చుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. "నాకెందుకు చెప్పలే నువ్వు?" అంది భర్తతో.

"ఏంది చెప్పుడు?"

"గది మేడం చెప్పిన మాటని. నీకే తోచిందంటివి గద నాతోని గూడ."

"గామె పేరెందుకు తియ్యాలె? నీ ముచ్చట గామెకు చెప్ప శరమాయె, గామె ముచ్చట నీకు చెప్పబుద్ది గాకపాయె."

మల్లమ్మ నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది. కోపం ఏమీ లేదు ఆమె ముఖంలో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నువ్వు చెప్పినవని ఎర్కుంటె తెల్లారే మీ ఆఫీసుకొచ్చి నీకు సూపెడుదును బిడ్డా. ఆడదానివి, నీకాడ నాకు శరమేంది. గప్పుడు నువ్వేమంటుంటివి?"

"దవాఖానకి పదండి అనేదాన్ని అమ్మా" అన్నాను. "ఆ రోజే."

మల్లమ్మ "ఊఁ" అంది. స్కాన్ గది దగ్గర ఎవరో ఆమె పేరు పిలిచారు. చీర కొంగు సర్దుకుని, కుడిచేతి మీద బరువు వేసి తనే లేచింది.